వానాకాలంలో 16 కిలోమీటర్ల పైన

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు నాకు ఇచ్చిన టైం తక్కువ, చెప్పాలనుకున్నది ఎక్కువ. గాలిలో ఉండే దుమ్మునీ పొగనీ రకరకాల వాయువుల్నీ దూరం నుంచి ఎలా కొలుస్తారు అనేది పెద్ద సబ్జెక్టు, అందుకని అందులోంచి నాకు బాగా ఇష్టమైన ఒక్క కథ తీసుకుని అదే పూర్తిగా చెప్తాను. ఇది మన వానాకాలం కథ. ఇందులో హైదరాబాద్ ఉంది, తిరుపతి దగ్గరున్న గాదంకి ఉంది, చివర్లో ఒక యూరియా బస్తా కూడా ఉంది.

పాత పెంకుటిళ్ళలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మధ్యాహ్నం పూట పెంకుల సందులోంచి ఎండ సన్నగా గదిలోకి పడుతుంది, ఆ వెలుగు దారిలో దుమ్ము తేలుతూ కనపడుతుంది. పక్కన చీకట్లో కూడా అంతే దుమ్ము ఉంటుంది, కానీ కనపడదు. రేణువుకి వెలుగు తగిలి, చెదిరి, మన కంట్లో పడితేనే కనపడుతుంది. గాలిలో తేలే ఈ సన్నటి రేణువుల్నే ఏరోసాల్స్ అంటారు, వాటిని దూరం నుంచి కొలిచే పరికరాలు ఎక్కువగా ఆ పెంకుల సందు వెలుగు మీదే నడుస్తాయి. కొన్ని సూర్యుడి వెలుగుని వాడుకుంటాయి. కొన్ని తమ వెలుగు తామే తీసుకెళ్తాయి, ఆ రెండో రకం పేరు లైడార్.

లైడార్ అంటే ఒక లేజర్, దాని పక్కన ఒక టెలిస్కోపు, అంతే. లేజర్ ఒక చిన్న వెలుగు తునకని ఆకాశంలోకి వదుల్తుంది, దారిలో రేణువులు తగిలిన చోటల్లా కొంచెం వెలుగు వెనక్కి వస్తుంది, ఆ వచ్చినదాన్ని టెలిస్కోపు పడుతుంది. ఎంత వెలుగు వచ్చింది అన్నది ఒక లెక్క, ఎంతసేపటికి వచ్చింది అన్నది ఇంకో లెక్క. వెలుగు సెకండుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కదా, కాబట్టి తిరిగి రావడానికి పట్టిన టైం తెలిస్తే ఆ రేణువు ఎంత ఎత్తులో ఉందో తెలిసిపోతుంది. గాదంకిలో మన జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అక్కడ 1998 నుంచి ఇలాంటి లైడార్ పని చేస్తోంది, ఆకుపచ్చ లేజర్ కిరణం నిట్టనిలువుగా పైకి పోతుంది. అలాంటి పని మన పల్లెల మధ్య ఇన్నేళ్ళుగా జరుగుతోందంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అదే లేజర్ని ఉపగ్రహానికి కట్టి, పై నుంచి కిందికి చూపించారనుకోండి. 2006 ఏప్రిల్ 28న నాసా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి కాలిప్సో అనే ఉపగ్రహాన్ని పంపారు, అది దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సెకండుకి 20 సార్లు లేజర్ వెలుగు కిందికి వదిలేది. నేల దాకా వెళ్ళి తిరిగి రావడానికి ఆ వెలుగుకి ఒక సెకండులో వెయ్యో వంతులు ఐదు కూడా పట్టవు, ఆ ఐదులోపే మబ్బు ఎక్కడ, పొగ ఎక్కడ, నేల ఎక్కడ అని పొరలు పొరలుగా విడదీసి రాసుకునేది. మామూలు ఫోటో తీసే ఉపగ్రహానికి ఈ వీలు లేదు, దానికి పై నుంచి కింద దాకా ఉన్న పొగంతా కలిపి ఒకే మసకగా కనపడుతుంది.

సరే, కథలోకి వస్తున్నా. నాసాలో పనిచేసే జాఁ పాల్ వెర్నియే అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు కాలిప్సో కొలతల్ని ఏళ్ళ తరబడివి ముందేసుకుని చూస్తున్నారు. వానాకాలంలో మన దేశం మీద, చాలా ఎత్తులో, 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్యలో, ఒక పల్చటి పొర కనపడింది. విమానాలు ఎగిరేది 10, 12 కిలోమీటర్లలో, ఎవరెస్టు తొమ్మిదికి కూడా కాస్త తక్కువ. ఆ పైన, ఇంకా పైన, 16 కిలోమీటర్ల దగ్గర ఏదో ఉంది. అదీ పడమట మధ్యధరా సముద్రం తూర్పు ఒడ్డు నుంచి ఇటు చైనా పడమటి భాగం దాకా పరుచుకుని ఉంది. వానలు తగ్గాక పోతుంది, మళ్ళీ వచ్చే వానాకాలానికి వస్తుంది. 2011లో దీన్ని ప్రచురించారు.

వాన పడ్డాక గాలి కడిగేసినట్టుంది అంటాం మనం, అది నిజమే, మనం పీల్చే గాలి వరకు నిజమే. కానీ అదే వానాకాలంలో, అదే మబ్బుల పైన, 16 కిలోమీటర్ల దగ్గర పొగలాంటి పొర పేరుకుంటోంది అంటే ఎవరు మాత్రం ఊహిస్తారు చెప్పండి.

ఇది పట్టుకోవడం ఎంత కష్టమో కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ ఓపికే. స్వచ్ఛమైన గాలి కూడా కొంచెం వెలుగుని చెదరగొడుతుంది, ఆకాశం నీలంగా కనపడేది అందుకే కదా. ఈ పొర దానికి కలిపింది 10 నుంచి 15 శాతం మాత్రమే. ఒక్కసారి లేజర్ వేస్తే ఇది కనపడదు, వెయ్యిసార్లు వేసినా సందేహమే, నెలల తరబడి కొలతలు కలిపి సగటు తీస్తే అప్పుడు మెల్లగా తేలింది. పైగా అంత ఎత్తులో వానాకాలంలో సన్నటి మంచు మబ్బులుంటాయి, వాటి నుంచి ఇంకా గట్టిగా వెలుగు వస్తుంది. వాటిని ఎలా వేరు చేశారంటే, లేజర్ వెలుగు ఒకే దిశలో కంపిస్తూ వెళ్తుంది, గుండ్రటి చుక్కకి తగిలితే అదే దిశలో తిరిగొస్తుంది, కోణాలున్న మంచు పలుకుకి తగిలితే దిశ మారుతుంది. దిశ మారిన వెలుగంతా పక్కన పెట్టేశారు. మిగిలిందే ఈ పొర.

మరి అంత పైకి ఎలా వెళ్ళింది? మనందరికీ తెలిసిన క్యుములోనింబస్ మబ్బులు, ఉరుముల మబ్బులు, అవి కింది గాలిని గంటల్లోనే పైకి ఎత్తేస్తాయి. వానతో పాటు చాలా మురికి కిందికి వచ్చేస్తుంది, కానీ కొంత వాయువు మాత్రం వానకి దొరక్కుండా పైకి చేరి, అక్కడ రేణువులుగా మారుతుంది. వానాకాలంలో టిబెట్ వైపు అంత ఎత్తులో ఒక పెద్ద గాలి సుడి తిరుగుతూ ఉంటుంది, అది పైకి వచ్చినదాన్ని బయటికి పోనివ్వకుండా వారాల తరబడి అక్కడే తిప్పుతుంది. వేరే ఉపగ్రహం పాత కొలతలు తీసి చూస్తే ఈ పొర 1999 నుంచి కనపడింది, 1998లో గానీ అంతకు ముందు గానీ దీని జాడ దొరకలేదు. అంటే ఇది ఈమధ్య వచ్చిందన్నమాట.

ఇక్కడ లేజర్ ఆగిపోయింది. ఏదో ఉంది అని చెప్పింది, ఏముంది అని చెప్పలేకపోయింది. బొగ్గు కాల్చితే వచ్చే గంధకం పొగే, అంటే సల్ఫేటే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. అనుకుంటే సరిపోదు కదా, గాలిని పట్టి చూడాలి. అందుకని ఇస్రో, నాసా కలిసి 2014 నుంచి వానాకాలాల్లో బెలూన్లు పంపారు, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది కదా, అక్కడి నుంచి, గాదంకి నుంచి. చిన్న బెలూన్లకి వెలుగు కొలిచే పరికరాలు కట్టారు, పెద్ద బెలూన్లకి గాలిని పీల్చి రేణువుల్ని పట్టే పరికరం కట్టారు. అది పైనుంచి తెచ్చినదాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేస్తే నైట్రేట్ ఉంది. సల్ఫేట్ పరికరానికి అందేంత కూడా లేదు. నా అభిప్రాయం చెప్పాలంటే, ఈ కథలో మలుపు ఆ బెలూన్లే. ఉపగ్రహం ఎంత గొప్పదైనా సరే, దాని కొలతని నేల మీద నుంచి వెళ్ళి సరిచూసేవాళ్ళు ఉండాలి, ఆ పనికి డబ్బు ఖర్చు పెట్టడానికి మనం వెనకాడకూడదు.

నైట్రేట్ అంటే నత్రజని ఉన్న ఒక లవణం భాగం, అది ఒంటరిగా ఉండదు, కాబట్టి వెంటనే వచ్చే ప్రశ్న, దానికి జత ఏది? అమోనియా. అమోనియాని కూడా దూరం నుంచే కొలిచారు. ప్రతి వాయువుకీ తనకంటూ కొన్ని ఇన్‌ఫ్రారెడ్ రంగులుంటాయి, మన కంటికి కనపడవు గానీ పరికరానికి కనపడతాయి, ఏ రంగుల్లో మెరిస్తే ఆ వాయువు. యూరప్ వాళ్ళ ఎన్విశాట్ ఉపగ్రహం మీద మిపాస్ అనే పరికరం ఉండేది, దాని కొలతల్లోంచి జర్మనీ శాస్త్రవేత్తలు వానాకాలంలో మన వైపు 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తులో అమోనియా ఉందని తేల్చారు, 2016లో ప్రచురించారు. ఎంత ఉంది? లక్ష కోట్ల గాలి అణువుల్లో దాదాపు 30 అణువులు. లక్ష కోట్లలో 30! తర్వాత 2017లో ఖాట్మండు నుంచి జియోఫిసికా అనే రష్యా విమానం ఆ ఎత్తుకే ఎగిరి, ఆ పొరలో అమోనియం నైట్రేట్ ఉందని నిర్ధారించింది.

అమోనియం నైట్రేట్. ఎరువు పేరులా లేదూ? ఎరువు పేరే. ఆ అమోనియా ఎక్కువగా వచ్చేది పొలాల్లో వేసే యూరియా నుంచి, పశువుల పేడా మూత్రం నుంచి. ఉపగ్రహ మ్యాపుల్లో ప్రపంచం మొత్తం మీద అమోనియా బాగా ఎక్కువగా కనపడే చోట్లలో గంగా మైదానం ఒకటి. మన గోదావరి, కృష్ణా డెల్టాల వాటా అంత పెద్దది కాకపోవచ్చు, కానీ మన మడిలో యూరియా చేసే పని కూడా అదే.

అందుకే చివర్లో రైతు శ్రోతలకి ఒక్క మాట. మడిలో నీళ్ళు నిలిచి ఉండగా యూరియా చల్లితే అది నీళ్ళల్లో కరిగి అమోనియాగా మారుతుంది, పగలు ఎండకి ఆ నీళ్ళల్లో నాచు పెరిగి నీటికి క్షారగుణం ఎక్కువవుతుంది, అప్పుడు అమోనియా ఇంకా తొందరగా గాల్లోకి లేచిపోతుంది. వరికి వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది చాలాసార్లు సగం కంటే తక్కువే. లైన్లో నిలబడి తెచ్చుకున్న బస్తా అది. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెప్తున్నదే నేనూ చెప్తున్నా, ముందు మడిలో నీళ్ళు తీసెయ్యండి, బురద పదునులో యూరియా సమానంగా చల్లండి, 36 నుంచి 48 గంటలు ఆగి అప్పుడు పల్చగా నీళ్ళు పెట్టండి. ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వెయ్యండి. మీ నేలకి ఎన్ని దఫాలు, ఎంత మోతాదు అన్నది మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి, భూసార పరీక్ష కాగితం ఉంటే వెంట తీసుకెళ్ళండి. ఉంటాను, నమస్కారం.