పేపర్లు దిద్దే టైం తగ్గాలంటే ఏది పనికొస్తుంది? జిప్‌గ్రేడ్, ప్లికర్స్, గూగుల్ ఫామ్స్ రివ్యూ

టీచర్లందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. ఈరోజు పేపర్లు దిద్దే పని గురించి, ఆ పనిలో టైం మిగులుస్తామనే యాప్‌ల గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక లెక్క వేద్దాం. సెక్షన్‌కి 45 మంది, మూడు సెక్షన్లు, మొత్తం 135 పేపర్లు. పేపరుకి ఐదు నిమిషాలే అనుకున్నా 675 నిమిషాలు, అంటే పదకొండు గంటల పైమాటే. ఇది ఒక్క టెస్టుకి. టోటల్ వేయడం, మార్కుల లిస్టు ఎక్కించడం, నోట్సులు దిద్దడం ఇందులో కలపలేదు. ఫార్మేటివ్, అంటే మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షల పేపర్లు అయ్యేలోపే సమ్మేటివ్, అంటే పెద్ద పరీక్ష వచ్చి కూర్చుంటుంది. పైగా తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే చుట్టాలు ఏడాది పొడుగునా ఉంటారు, బ్రహ్మోత్సవాలప్పుడైతే చెప్పక్కర్లేదు. పేపర్ల కట్ట బీరువా మీదికి చేరుతుంది. రాసిన మూడు వారాలకి పేపరు చేతికొస్తే పిల్లలకి దానితో పనేముంటుంది? ఆ పాఠం ఎప్పుడో దాటిపోయి ఉంటాం. మన ఆదివారాలు పోవడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అందుకే ఈ రివ్యూలో నేను చూసే విషయం ఒకటే. రాసిన మర్నాడో, ఆ మర్నాడో పేపరు పిల్లల చేతికి తిరిగి వెళ్లాలి. దానికి ఏది సాయపడుతుంది?

మొదట జిప్‌గ్రేడ్. బిట్ పేపర్లు, అంటే ఇచ్చిన ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునేవి దిద్దడానికి మన ఫోన్‌నే ఓఎంఆర్ మిషన్‌లా, అంటే షీటు మీద దిద్దిన గుండ్రాలు చదివే మిషన్‌లా వాడుకునే యాప్ ఇది. 20, 50, 100 ప్రశ్నలకి సరిపోయే ఆన్సర్ షీట్లు వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి జిరాక్స్ వేయించుకుంటే చాలు, మామూలు కాగితమే, ప్రత్యేకమైన షీట్లు కొనక్కర్లేదు. యాప్‌లో క్విజ్ పేరు పెట్టి, సరైన జవాబుల కీ ఎక్కించి, కెమెరాని షీటు మీద పెడితే మూలల్లో ఉన్న నల్ల గళ్లని అదే పట్టుకుంటుంది. కొన్ని సెకన్లలో మార్కులు వచ్చేస్తాయి. ఏది రైటో ఏది తప్పో ఆ ఫోటో మీదే రంగుల్లో చూపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, స్కాన్ చేసేటప్పుడు నెట్ అక్కర్లేదు. పాకాల, పుత్తూరు వైపు వెళ్లి పనిచేసే టీచర్లు స్టాఫ్ రూమ్‌లోనే స్కానింగ్ ముగించుకుని బయలుదేరవచ్చు. కట్ట ఇంటికి మోసుకెళ్లే పని ఉండదు.

దీనిలో మార్కుల కంటే విలువైనది ఇంకోటుంది. ప్రశ్నవారీగా ఎంతమంది తప్పు రాశారు, ఎక్కువమంది ఏ ఆప్షన్ పెట్టారు అన్నది చూపిస్తుంది. ఉదాహరణకి పుటాకార దర్పణం మీద బిట్ ఇచ్చాం. క్లాసులో సగం మంది తప్పు చేశారు, వాళ్లందరూ ఒకే తప్పు ఆప్షన్ ఎంచుకున్నారు. అంటే పిల్లలు చదవలేదని కాదు, మన పాఠంలోనే ఎక్కడో వాళ్లకి వేరేలా అర్థమైంది. మర్నాడు క్లాసులో ఎక్కడ మొదలుపెట్టాలో మనకి దొరికినట్టే. చేత్తో దిద్దితే ఈ లెక్క తీసే ఓపిక ఎవరికుంటుంది?

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఉచితంగా అయితే నెలకి వంద షీట్లే స్కాన్ చేయనిస్తుంది. 135 మంది ఉన్న మనకి ఒక్క టెస్టుకే చాలదు, ఏడాది చందా కట్టాలి. ధర ప్లే స్టోర్‌లో చూసుకోండి. రెండోది, జిరాక్స్ కాపీకి మళ్లీ జిరాక్స్, దానికి మళ్లీ జిరాక్స్ తీస్తూ పోతే మూలల గళ్లు మసకబారి స్కాన్ అవ్వదు. ఒక మంచి ప్రింటు ఫైల్లో దాచుకుని ప్రతిసారీ దాని నుంచే కాపీలు వేయించండి. యూనివర్సిటీ దగ్గర, బాలాజీ కాలనీ వైపు షాపుల్లో వేయించేవాళ్లు సైజు తగ్గించవద్దని కూడా చెప్పండి. మూడోది, పిల్లలు గుండ్రాలు లేతగా దిద్దితే యాప్ ఖాళీ అనుకుంటుంది. ఆరో తరగతి పిల్లలకైతే ముందు ఒక పీరియడ్ బబ్లింగ్ నేర్పించండి. ఐడీ నంబరు తప్పు దిద్దినవాళ్ల షీటు పేరు లేకుండా పడుతుంది, కానీ పేరు రాసిన చోటు ఫోటోలో కనిపిస్తుంది కాబట్టి మనమే కలుపుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. పరీక్ష పేపర్లు దిద్దే తొలి మిషన్లలో ఒకటి ఎవరిదో తెలుసా? అమెరికాలో మిషిగన్‌లో పనిచేసిన రేనాల్డ్ జాన్సన్ అనే స్కూల్ సైన్సు టీచర్‌ది. పెన్సిల్ గీతలో ఉండే గ్రాఫైట్ గుండా కరెంటు పోతుంది కదా, దాన్ని పట్టుకుని జవాబు గుర్తించే మిషన్ తయారుచేశాడు. ఐబీఎం ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుని 1938లో ఆ మిషన్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. కంప్యూటర్ హార్డ్ డిస్క్ తయారుచేసిన బృందానికి తర్వాత ఆయనే నాయకుడు. కరెంటు పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి ఈ సంగతి చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

తర్వాత ప్లికర్స్. ఇది పరీక్షకి కాదు, హోంవర్కుకి పనికొస్తుంది. ప్రతి పిల్లవాడికీ ఒక కార్డు, దాని మీద ఒక నల్లటి బొమ్మ. ఏ పక్క పైకి పెడితే అది జవాబు: ఎ, బి, సి, డి. పిల్లలు కార్డులు పైకెత్తితే మన ఫోన్‌ని క్లాసు మొత్తం మీద ఒకసారి తిప్పితే చాలు, ఎవరు ఏ జవాబు పెట్టారో వచ్చేస్తుంది. పిల్లల దగ్గర ఫోన్ ఉండక్కర్లేదు. అక్షరాలు చిన్నగా ఉంటాయి, ఒక్కో కార్డు బొమ్మ ఒక్కోలా ఉంటుంది, కాబట్టి పక్కవాణ్ని చూసి పెట్టడం కష్టం.

45 నోట్సులు తెరిచి చూడడానికి బదులు, నిన్నటి హోంవర్కు నుంచి నాలుగు ప్రశ్నలు ఇలా అడగండి. కాపీ కొట్టి రాసినవాడికీ, చేసి తెచ్చినవాడికీ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నోట్సులో టిక్కు పెడితే ఆ తేడా ఎప్పటికీ తెలియదు. కార్డులు 40 ఉన్న సెట్టు, 63 ఉన్న సెట్టు దొరుకుతాయి, మన క్లాసులకి పెద్దదే తీసుకోండి. మెరిసే లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు పడి కెమెరాకి కనిపించదు, గట్టి అట్టకి అంటించండి. దీనికి నెట్ కావాలి, మొబైల్ డేటా సరిపోతుంది.

గూగుల్ ఫామ్స్, అంటే పిల్లలు ఫోన్‌లో తెరిచి జవాబులు నింపే ఆన్‌లైన్ ఫారం, దాని గురించి ఎక్కువ చెప్పను, చాలామంది వాడే ఉంటారు. క్విజ్‌గా మార్చి కీ ఇస్తే అదే దిద్ది మార్కులు షీట్‌లో వేస్తుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలకి బాగుంటుంది. హైస్కూల్ పిల్లల దగ్గర చిక్కు వస్తుంది. ఇంట్లో ఒకటే ఫోన్, అది నాన్న జేబులో ఉంటుంది, నాన్న రాత్రి తొమ్మిదికి వస్తాడు. ఇంకోటి, చిన్న జవాబులు తెలుగులో టైప్ చేయిస్తే మనం కీలో ఇచ్చినట్టు అచ్చంగా ఉంటేనే మార్కు వేస్తుంది. "కిరణజన్య సంయోగక్రియ" అని మనం ఇస్తే, అన్నీ కలిపి రాసినవాడికీ, మధ్యలో ఇంకో ఖాళీ వదిలినవాడికీ సున్నా. సరైన జవాబు రాసిన పిల్లలకి సున్నా వేసే పద్ధతిని నేను ఒప్పుకోను. వాడితే బిట్లకే వాడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైన చెప్పినవన్నీ బిట్లకే. టైం మిగులుతోంది కదా అని అన్ని టెస్టులూ బిట్లు చేసేస్తే పిల్లలు రాయడం మర్చిపోతారు. పదో తరగతి పబ్లిక్‌లో చేత్తో వాక్యాలు రాయాల్సిందే. సత్యవేడు, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడుకునే పిల్లలు చాలామంది తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుతుంటారు. వాళ్లకి రాసే అలవాటు ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి రాతపేపర్లు ఉండాలి, దిద్దడం త్వరగా అవ్వాలి. దీనికి యాప్ కంటే పద్ధతి ముఖ్యం.

పేపరు తర్వాత పేపరు కాకుండా ప్రశ్న తర్వాత ప్రశ్న దిద్దండి. మొదటి ప్రశ్న 45 పేపర్లలో, తర్వాత రెండో ప్రశ్న 45 పేపర్లలో. ఆ ఒక్క ప్రశ్న కీ, దానికి ఏ స్టెప్పుకి ఎన్ని మార్కులో మనసులో నిలబడిపోతుంది, ప్రతిసారీ కీ చూసుకోనక్కర్లేదు. ఇంకో లాభం న్యాయం. మొదటి జవాబు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినవాడికి రెండో జవాబులో కూడా మనకి తెలియకుండానే చెయ్యి జారుతుంది. దీన్ని సైకాలజీలో హేలో ఎఫెక్ట్ అంటారు, థార్న్‌డైక్ 1920లోనే రాశాడు. ఎకనమిక్స్‌లో 2002 నోబెల్ అందుకున్న డేనియల్ కానమన్ కూడా ఈ ప్రభావం గమనించి తన విద్యార్థుల పేపర్లు ప్రశ్నవారీగా దిద్దడం మొదలుపెట్టానని చెప్పాడు. ఒక ప్రశ్న అయ్యాక కట్టని అటూ ఇటూ కలపండి, ఎప్పుడూ ఒకే పిల్లవాడు మన అలసట టైంలో పడకుండా ఉంటాడు.

ఇది సాగాలంటే పిల్లలు సెక్షన్ వరుసలో రాయాలి, లేకపోతే పేజీలు తిప్పడానికే టైం పోతుంది. మొదటి పేజీలో ప్రశ్న నంబర్లతో గళ్లు వేయించండి. మార్కు నేరుగా ఆ గడిలో వేస్తే టోటల్ అక్కడే అయిపోతుంది, లోపల ఒక మార్కు కలపడం మర్చిపోయి పిల్లవాడు మళ్లీ తీసుకొచ్చే పని ఉండదు.

ఇక వాక్యాలు రాసే బదులు గుర్తులు పెట్టండి. నా సబ్జెక్టులో మూడు చాలు. "ప్ర" అంటే ప్రమాణం రాయలేదు. "గు" అంటే ప్లస్ మైనస్ గుర్తు తప్పింది, కటక సూత్రంలో సగం మార్కులు పోయేది ఇక్కడే. "లె" అంటే సూత్రం సరే, లెక్కింపు తప్పు. అర్థాలు బోర్డు మీద రాసి, తప్పు ఏదో పిల్లలే కనుక్కుని పక్కన దిద్ది రాసేలా చేయండి. మార్కు వేయాలా వద్దా అంటారా? రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడిపిల్లలతో చేసిన పరిశీలన 1988లో వచ్చింది. మార్కులు మాత్రమే అందుకున్నవాళ్ల కంటే వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాత మెరుగ్గా చేశారు. మార్కు, వ్యాఖ్య రెండూ ఇస్తే వ్యాఖ్య పనిచేయలేదు. మన పిల్లల్ని చూసినా అంతే కదా, మార్కు చూసి పక్కవాడి మార్కు అడుగుతారు, మనం రాసింది చదవరు. అందుకే స్లిప్ టెస్టుల్లో మార్కు నా లిస్టులో ఉంచుకుని, పేపరు మీద గుర్తులు మాత్రమే వేసి ఇవ్వమంటాను.

నోట్సుల దగ్గర నేను గట్టిగా మాట్లాడతాను. ప్రతి పేజీలో ఎర్ర టిక్కు, కింద సంతకం. అది తనిఖీకి వచ్చినవాళ్ల కోసం, తల్లిదండ్రుల కోసం పెట్టేది. పిల్లవాడు దాన్నుంచి ఏమీ నేర్చుకోడు. ఇంగ్లండ్‌లో టీచర్ల పనిభారం మీద 2016లో వచ్చిన నివేదిక కూడా దిద్దడం అర్థవంతంగా ఉండాలి, చేయగలిగినంతే ఉండాలి, పిల్లల్ని ముందుకు నడిపించాలి అని చెప్పింది. కట్ట మొత్తం కలం ముట్టకుండా చదవండి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని ఎక్కువమంది చేసిన తప్పులు, బాగా రాసిన ఇద్దరు ముగ్గురి పేర్లు, విడిగా పిలిచి మాట్లాడాల్సినవాళ్ల పేర్లు రాసుకోండి. మర్నాడు మొదటి పది నిమిషాలు ఆ కాగితమే పాఠం. చాలా స్కూళ్లలో యాజమాన్యం దీనికి ఒప్పుకోదు, తెలుసు. హెచ్ఎంతో ముందే మాట్లాడి, నెలకొకసారి పూర్తి కరెక్షన్, మిగతా వారాల్లో ఈ కాగితం అని ఒప్పించండి. ఆ కాగితాలు ఫైల్ చేయండి, తనిఖీకి చూపించడానికి టిక్కుల కంటే గట్టి సాక్ష్యం అదే.

చివరగా ఏఐ. బిట్లు తయారు చేయించుకోవడానికి వాడండి, కానీ కీ మీరే సరిచూసుకోండి. పిల్లల చేతిరాత ఫోటో తీసి మార్కులు వేయించడం మాత్రం నేను చేయను. పేరు, స్కూలు కనిపించే పేపర్లని ఎక్కడికో అప్‌లోడ్ చేయడం కూడా వద్దు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. జిప్‌గ్రేడ్‌లో కూడా పేర్లకి బదులు రోల్ నంబర్లే ఎక్కించండి.

డబ్బు పెట్టాలంటే నా ఓటు జిప్‌గ్రేడ్‌కి. రూపాయి పెట్టకుండా మొదలుపెట్టాలంటే ఈ వారం నుంచే ప్రశ్నవారీగా దిద్దండి. తెలుగు, హిందీ టీచర్లకి ఒక విన్నపం. వ్యాసాలు, లేఖలు దిద్దే కష్టం మా సైన్సు వాళ్లకి పూర్తిగా తెలియదు. మీరు ఏ గుర్తులు వాడుతున్నారో కామెంట్లలో రాయండి, అవన్నీ కలిపి మీ సబ్జెక్టులకే ఒక వీడియో చేస్తాను. నమస్తే.