నలభై కిలోబైట్ల మారియో

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, ఈ ఊళ్లలో పాత ఇంటి సజ్జ మీద అట్టపెట్టెలు దించి చూస్తే, ఒక్కోసారి ఒక టీవీ వీడియో గేమ్ సెట్టు బయటపడుతుంది. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక పసుపుపచ్చ కేసెట్. కేసెట్ లేబుల్ మీద 9999 ఆటలని రాసి ఉంటుంది. లోపల ఉండేవి కొన్నే, వాటినే పేర్లు మార్చి, మొదలయ్యే చోటు మార్చి మళ్లీమళ్లీ చూపిస్తుంది. ఆ కొన్నింట్లో పోరగాళ్లు ముందుగా వెతికేది మారియోని. ఈ రోజు మన మాట ఆ ఆట గురించి, ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని పట్టుకుని ఉన్నవాళ్ల గురించి, ఆ సెట్టును మళ్లీ ఎలా నడిపించుకోవచ్చో దాని గురించి.

సూపర్ మారియో బ్రదర్స్ జపాన్‌లో 1985 సెప్టెంబర్ 13న విడుదలైంది. నింటెండో కంపెనీలో షిగేరు మియమోతో, తకాషి తెజుకా దీన్ని రూపొందించారు. సంగీతం కోజీ కోండోది. ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో 32 ప్రోగ్రాంకు, 8 బొమ్మలకు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దీనికి ఎన్నో రెట్లు పెద్దది. ఆ కొంచెం జాగాలోనే ఎనిమిది ప్రపంచాలు, ఒక్కోదాంట్లో నాలుగు మెట్లు, అంటే లెవెల్స్, వెరసి 32 మెట్లు సర్దారు. ఆకాశంలో మబ్బును, నేల మీద పొదను పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మ ఒక్కటే. రంగు మార్చి రెండు చోట్ల వాడుకున్నారు. ఆట నడిచేటప్పుడు గుర్తుంచుకోవడానికి మిషన్‌లో ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. అందుకే తెర మీద ఒకేసారి ఐదుగురు శత్రువులకు మించి రారు, మారియో విసిరే నిప్పు బంతులు రెండుకు మించి ఎగరవు.

ఇంత చిన్న ఆట ఇన్నాళ్లు నిలిచిందంటే, మా దృష్టిలో దానికి మొదటి కారణం దాని లెక్క గట్టిగా ఉండటం. ఎ బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకుంటే మారియో అంత ఎత్తు ఎగురుతాడు. బి నొక్కి పరుగెత్తుతూ ఎగిరితే ఇంకా ఎత్తుకు పోతాడు. ఇందులో అదృష్టం పాలు దాదాపు లేదు. ఒకే క్షణంలో ఒకే బటన్ నొక్కితే ఎన్నిసార్లైనా ఒకే ఫలితం వస్తుంది. కాబట్టి గుంతలో పడ్డ పిల్లవాడికి కూడా ఎక్కడ తప్పాడో తెలుస్తుంది, మళ్లీ ప్రయత్నించాలనిపిస్తుంది.

మన దగ్గర ఆడినవాళ్లలో చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. అప్పటి మన టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి, సెకనుకు 50 సార్లు తెరను గీసేవి. జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు గీసేవి. తెరను ఒకసారి నిండుగా గీయడాన్ని ఒక గీత అనుకుంటే, ఆటలోని ప్రతి కదలికా ఈ గీతల లెక్కతోనే నడుస్తుంది. నింటెండో మిషన్‌కు నకలుగా ఇక్కడ అమ్ముడైన సెట్లలో జపాన్ కోసం రాసిన ప్రోగ్రాంనే పెట్టి 50 లెక్కన నడిపించారు. తైవాన్ కంపెనీ యూఎంసీ చేసిన యూఏ 6527పీ అనే చిప్పు ఇలాంటి సెట్ల కోసం వచ్చిందే. ఫలితంగా మనం ఆడిన మారియో ఆరోవంతు నెమ్మది. ఆట గడియారంలో ఒక్క అంకె తగ్గడానికి 24 గీతల సమయం పడుతుంది. అంటే అక్కడ 0.4 సెకను, ఇక్కడ 0.48 సెకను. 400 అంకెల సమయం వాళ్లకు 160 సెకన్లైతే మనకు 192 సెకన్లు. పాట కూడా అంతే, సాగి వినిపిస్తుంది. శ్రుతి మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది, ఎందుకంటే స్వరాన్ని నిర్ణయించే చిప్పు వేగం రెండు చోట్లా దాదాపు సమానం. ఇప్పుడు ఫోన్‌లో మారియో ఆడి, ఇదేంటి ఇంత తొందరగా పోతోందని అనుకునేవాళ్ల చెవి తప్పేమీ కాదు. వాళ్లు చిన్నప్పుడు విన్నది నిజంగానే నెమ్మది. ఆ పాటకు దక్కిన గౌరవం కూడా చెప్పుకోవాలి. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన ధ్వనుల పట్టికలో దాన్ని చేర్చింది. వీడియో గేమ్ సంగీతానికి ఆ పట్టికలో చోటు దొరకడం అదే మొదటిసారి.

ఇక అభిమానుల పని. వీళ్లు ఆ 32 కిలోబైట్ల ప్రోగ్రాంను పూర్తిగా విప్పి, ఏ వరుస ఏం చేస్తుందో వివరణలు రాసుకున్నారు. అందువల్ల వీధుల్లో పిల్లలు చెప్పుకున్న చాలా పుకార్లకు ఇప్పుడు జవాబు ఉంది.

ఉదాహరణకు మెట్టు చివర ఉండే జెండా కర్ర మీదుగా అవతలికి దూకొచ్చా? 3-3లో, అంటే మూడో ప్రపంచం మూడో మెట్టులో, త్రాసు తట్టల్లా పైకీ కిందికీ ఊగే పలకల సాయంతో దూకొచ్చు. కానీ అవతల ఏమీ లేదు. నేల అలా పోతూనే ఉంటుంది, సమయం అయిపోయి మారియో చచ్చిపోతాడు. కోట మీద టపాకాయలు ఎందుకు కొన్నిసార్లే పేలుతాయి? జెండా తాకినప్పుడు సమయంలోని చివరి అంకె 1, 3 లేక 6 అయితే అన్నే పేలుతాయి, ఒక్కోదానికి 500 పాయింట్లు. ఇంకే అంకె అయినా పేలవు. 3-1 చివర ఎక్కే మెట్లవరుస మీద తాబేలు చిప్పను తొక్కుతూ లైఫ్‌లు పెంచుకోవడం నిజమే. 100, 200, 400, 500, 800, 1000, 2000, 4000, 5000, 8000, ఆ తర్వాత నుంచి ప్రతి తొక్కుకూ ఒక లైఫ్. అయితే ఆశకు పోవద్దు. లైఫ్‌ల లెక్క 127 దాటిందంటే మిషన్ దాన్ని సున్నాకంటే తక్కువగా చదువుతుంది. అప్పుడు ఒక్కసారి చచ్చినా ఆట అక్కడికక్కడే ముగుస్తుంది.

అన్నింటికంటే పేరుపడ్డది మైనస్ ఒకటి ప్రపంచం. 1-2 చివర గోడ లోపలి నుంచి జారిపోయి, వేరే ప్రపంచాలకు అడ్డదారి పైపులుండే గదిలోకి దొడ్డిదారిన చేరినవాళ్లకు కనిపించేది. మామూలుగా కప్పు మీదుగా నడిచి ఆ గదికి వెళితే పైపుల మీద 4, 3, 2 అని అంకెలు వస్తాయి. తెర అంత దూరం జరిగాకే ఆట ఆ అంకెల్ని సిద్ధం చేస్తుంది. గోడలోంచి వచ్చినవాడు అంతకు ముందే పైపులో దిగితే, ఆట 4-2లోని ఇంకో గది తాలూకు వివరాలు చదువుతుంది. ఆ గదిలో ఉన్నది ఒక్కటే పైపు, ఐదో ప్రపంచానికి. దానికి రెండు పక్కలా చూపించాల్సింది ఖాళీ. బొమ్మల పట్టికలో ఖాళీ గడి నంబరు 36. కాబట్టి ఎడమ పైపులో గానీ కుడి పైపులో గానీ దిగితే ఆట మనల్ని 36వ ప్రపంచానికి తీసుకుపోతుంది, తెర మీద మాత్రం 36 బదులు ఖాళీ, దాని పక్కన చిన్న అడ్డగీత, ఆ తర్వాత ఒకటి అంకె. అందుకే అది మైనస్ ఒకటిలా కనిపిస్తుంది. అదొక నీళ్ల మెట్టు. చివరి పైపులో దిగితే మళ్లీ మొదటికే వస్తుంది. రహస్య ప్రపంచమని దశాబ్దాలు చెప్పుకున్నది ఒక ఖాళీ గడి నంబరు.

వేగంగా ఆడేవాళ్ల పట్టుదల మరో ఎత్తు. అడ్డదారి పైపులు వాడితే ఎనిమిది మెట్లతో ఆట ముగించొచ్చు: 1-1, 1-2, 4-1, 4-2, ఆపై ఎనిమిదో ప్రపంచం నాలుగూ. 2021లో నిఫ్ట్‌స్కీ అనే ఆటగాడు మొదటిసారి 4 నిమిషాల 55 సెకన్ల లోపు ముగించాడు. 2023లో దాన్ని 4 నిమిషాల 54.631 సెకన్లకు తెచ్చాడు. రెండేళ్ల శ్రమకు సెకనులో మూడోవంతు. అంత కష్టం ఎందుకంటే, మెట్టు ముగిశాక తర్వాతిది వెంటనే మొదలవదు. ప్రతి 21 గీతలకు ఒకసారే, సుమారు 0.35 సెకనుకు ఒకసారే, దారి తెరుచుకుంటుంది. ఆటగాళ్లు దీన్ని బస్సుతో పోల్చి చెబుతారు. దేవరకొండ బస్సు పది గంటలకైతే, మీరు తొమ్మిదిన్నరకు వచ్చినా పది నిమిషాల తక్కువ పదికి వచ్చినా ఎక్కేది అదే బస్సు. లాభం రావాలంటే దాని ముందు బస్సును అందుకోవాలి. చివరి మెట్టు 8-4కు ఈ నియమం లేదు, అక్కడ ప్రతి గీతా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు సజ్జ మీది సెట్టు సంగతి. దించగానే కరెంటు పెట్టవద్దు. ముందు అడాప్టర్ చూడండి. ఈ సెట్లకు ఎక్కువగా 9 వోల్టుల డీసీ వాడతారు, పిన్ను మధ్యలో చాలావాటికి నెగటివ్ ఉంటుంది. సెట్టు అడుగున ముద్రించిన గుర్తు చూసి సరిపోల్చుకోండి. తారుమారైతే, రక్షణ డయోడ్ లేని సెట్టు కాలిపోతుంది. లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఆ 9ని 5 వోల్టులకు దించుతుంది. మల్టీమీటర్‌తో దాని మూడో కాలు దగ్గర కొలిస్తే 5కు అటూ ఇటూ రావాలి. అది వేడెక్కడం మామూలే. తెర మీద అడ్డచారలు పాకుతూ గుయ్యిమని మోత వస్తుంటే వడపోత కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. అదే విలువది, అంతే వోల్టేజీ లేదా ఎక్కువ వోల్టేజీది వేయించండి. పక్కన చారలున్న కాలు నెగటివ్.

బొమ్మ రాకపోయినా, గజిబిజి అక్షరాలు వచ్చినా కేసెట్ కాళ్లు మురికి పట్టాయన్నమాట. రెండు వైపులా ముప్పై చొప్పున 60 కాళ్లు ఉంటాయి. అందరికీ అలవాటైన పని నోటితో ఊదడం. అది మానండి. నోటి తేమకు కాళ్లు పచ్చగా తుప్పుపడతాయి. నీటి గుడ్డ కూడా వద్దు. ముఖ్యంగా నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. మెత్తటి పెన్సిల్ రబ్బరుతో కాళ్లను పొడవునా తేలిగ్గా రుద్ది, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. ఐదు నిమిషాలు ఆరాక పెట్టండి. చాలా సెట్లు ఇంతమాత్రానికే లేచి కూర్చుంటాయి.

జాయ్‌స్టిక్ చెడితే ఒక గుర్తు పట్టుకోండి. ఒక్క బటన్ మాత్రమే పనిచేయకపోతే దాని కింది నల్లటి రబ్బరు బిళ్లది తప్పు. విప్పి, బిళ్లను, దాని కింది పలకను ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. అన్ని బటన్లూ ఒకేసారి పోయినా, నొక్కకుండానే మారియో పరుగెత్తినా వైరు తెగినట్టు. ఎనిమిది బటన్ల సమాచారమంతా ఐదు తీగల మీదే వరుసగా వెళుతుంది, కాబట్టి ఒక్కటి తెగినా మొత్తం ఆగుతుంది. ఎక్కువగా తెగేది జాయ్‌స్టిక్ మెడ దగ్గరే. అక్కడ రెండు అంగుళాలు కోసేసి, రంగులు గుర్తుపెట్టుకుని మళ్లీ అతికించాలి.

కొత్త ఎల్‌ఈడీ టీవీకి కలిపేటప్పుడు పసుపు రంగు వీడియో సాకెట్ ఉంటే అదే వాడండి. యాంటెన్నా దారి అయితే టీవీలో అనలాగ్ చానళ్లు వెతకమని చెప్పాలి. నొక్కిన కాసేపటికి మారియో ఎగురుతున్నట్టనిపిస్తే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి, ఆలస్యం తగ్గుతుంది. తుపాకీ ఆట మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. అది పాత డబ్బా టీవీ తెర వెలిగే క్షణాన్ని పట్టుకుని పనిచేస్తుంది, ఎల్‌ఈడీలో ఆ క్షణం కుదరదు.

సెట్టు నడిచి, పిల్లలు ఆడుతూ ఐదో ప్రపంచంలోనో ఆరులోనో లైఫ్‌లన్నీ పోగొట్టుకుంటే మొదటి నుంచి మొదలుపెట్టనవసరం లేదు. మొదటి తెర వచ్చినప్పుడు ఎ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కండి. ఎక్కడ పోయారో ఆ ప్రపంచం మొదటి మెట్టు నుంచే ఆట సాగుతుంది. ఈ గుర్తు కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. స్విచ్ ఆపినా, కరెంటు పోయినా చెరిగిపోయి 1-1కే వెళ్లాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆడించేవాళ్లు సెట్టును, టీవీని ఇన్వర్టర్ లైనుకు కలుపుకోండి.

నమస్కారం.