0.1 అని రాస్తే లోపలికి వెళ్ళేది ఏది?

అందరికీ నమస్కారం.

కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని దాచుకునే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతి మీద మాట ఎక్కడ మొదలైనా 0.1 + 0.2 దగ్గరే మొదలవుతుంది. జవాబు 0.30000000000000004 అని వస్తుంది, చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు, కంప్యూటర్‌కి కూడికలు రావని ఎవరో ఒకరు తేల్చేస్తారు. నేనూ అక్కడే మొదలుపెడతాను. కాకపోతే ఆ లెక్కను బిట్ల దాకా, అంటే లోపల ఉండే 0, 1 అంకెల దాకా దిగి చూద్దాం. అలా దిగితేనే ఈ రోజు అసలు విషయం, అంటే ఫ్లోట్‌ని అకరణీయ సంఖ్యగా (పూర్ణాంకాల భిన్నంగా) మార్చడంలో ఉన్న చిక్కు, తేటతెల్లమవుతుంది.

ఫ్లోట్లలో డబుల్ అనే రకానికి 64 బిట్లు. గుర్తుకు 1, ఘాతానికి 11, భిన్న భాగానికి 52. ముందు రాయకుండానే ఉందనుకునే 1ని కలిపితే మొత్తం 53 బిట్ల ఖచ్చితత్వం. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం దీన్ని స్థిరపరిచింది. ఈ అమరికలో ఏ విలువైనా ఒక పూర్ణాంకాన్ని 2కి ఏదో ఒక ఘాతంతో గుణించినదో, భాగించినదో అయి తీరాలి. 1/10 హారంలో 5 ఉంది. 2ని ఎన్నిసార్లు గుణించినా 5 రాదు కాబట్టి 1/10 అందులో ఇమడదు. మూడో వంతు దశాంశాల్లో 0.333 అంటూ సాగిపోతుంటే మనకు వింతగా అనిపించదు. బైనరీలో పదో వంతుదీ అదే పరిస్థితి.

అందుకని మీరు 0.1 అని టైప్ చేస్తే, దానికి అతి దగ్గరగా ఉన్న డబుల్ లోపలికి వెళ్తుంది. ఆ డబుల్ విలువ 3602879701896397 / 2⁵⁵. పదో వంతు కంటే ఇది వెంట్రుకవాసి ఎక్కువ. 0.2 కూడా అదే లవంతో 2⁵⁴ హారంగా వెళ్తుంది, కాబట్టి అదీ కాస్త ఎక్కువే. ఇప్పుడు రెండింటినీ 2⁵⁴ హారానికి తెచ్చి కూడితే లవం 5404319552844595.5 అవుతుంది. ఆ చివరి అర ఎక్కడ పెట్టాలి? 53 బిట్లలో చోటు లేదు. 595కీ 596కీ సరిగ్గా నడిమధ్యన నిలబడింది. ఇలా సమదూరంలో ఉన్నప్పుడు సరి సంఖ్య వైపు వెళ్ళాలన్నది ప్రమాణం పెట్టిన నియమం. కాబట్టి 5404319552844596. ఇక మనం పోల్చి చూస్తున్న 0.3 సంగతి. దాన్ని అదే కొలతలో చూస్తే 5404319552844595.2, రౌండ్ అయితే 595. ఒకటి పైకి వెళ్ళింది, ఇంకొకటి కిందకి దిగింది. రెండు పక్కపక్క మెట్ల మీద నిలబడి సమానం కాదంటున్నాయి, అంతే.

ఇందులో ఎక్కడా గందరగోళం లేదు, ప్రతి అడుగూ నియమం ప్రకారమే పడింది. ఫ్లోట్ అంటే సుమారు విలువ అని చాలామంది చెబుతుంటారు. ఆ మాట వాడకపోతేనే మంచిది. అనంతాలనూ, సంఖ్య కాని నాన్‌నూ పక్కన పెడితే, ప్రతి డబుల్ ఒక ఖచ్చితమైన అకరణీయ సంఖ్య. సుమారు అయ్యేది దానిలోకి మార్చినప్పుడూ, దాని మీద లెక్క చేసిన ఫలితాన్ని తిరిగి 53 బిట్లలో కుదించినప్పుడూ.

మార్పిడిలో తెగిన తోక ఎంత దూరం పోతుందో చూపడానికి 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో జరిగింది తరచూ చెబుతారు. అమెరికా వాడిన పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ గడియారం పదో వంతు సెకన్లలో నడిచేది, దాన్ని సెకన్లలోకి మార్చడానికి 1/10తో గుణించేవారు. 24 బిట్ల రిజిస్టర్‌లో 1/10ని తెగ్గోసి పెట్టడం వల్ల ప్రతి టిక్కుకీ 0.000000095 సెకన్ల తేడా. 100 గంటలు ఆపకుండా నడిస్తే 36 లక్షల టిక్కులు, మొత్తం తేడా దాదాపు 0.34 సెకన్లు. వస్తున్న క్షిపణిని అది పట్టుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. అది ఫ్లోటింగ్ పాయింట్ కాదు, ఫిక్స్‌డ్ పాయింట్, అంటే బిందువు స్థానం కదలని పద్ధతి. ఈ ఉదాహరణ చెప్పేవాళ్ళు ఆ ముక్క చాలాసార్లు వదిలేస్తారు. కానీ మూలం ఒకటే: హారంలో ఉన్న 5.

ఇప్పుడు ఎదురు దిశ. చేతిలో ఒక డబుల్ ఉంది, దాన్ని భిన్నంగా మార్చాలి. ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలు ఉన్నాయి. లోపల ఏముంది? రాసినవాడు ఏమనుకుని రాశాడు? మొదటిదానికి ఒకే ఒక్క జవాబు. రెండోది ఊహ, దానికి మీరే ఒక హద్దు చెప్పాలి. ఈ రంగంలో కనిపించే బగ్గుల్లో ఎక్కువ భాగం ఒక ప్రశ్న అడిగి రెండోదాని జవాబు ఆశించడం వల్ల వచ్చినవే.

కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈ తేడాను ఎప్పుడో గుర్తించి రెండు ఫంక్షన్లు పెట్టింది. రేషనల్ అని పిలిస్తే లోపల ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది: 32 బిట్ల సింగిల్ ఫ్లోట్ 0.1కి 13421773/134217728. రేషనలైజ్ అని పిలిస్తే 1/10. రూబీ భాషలో టూ ఆర్ (to_r) మొదటి పని చేస్తుంది, రేషనలైజ్ రెండోది. జూలియాలో రేషనల్, రేషనలైజ్. పైథాన్‌లో ఫ్రాక్షన్‌కి ఫ్లోట్ 0.1 ఇస్తే 3602879701896397/36028797018963968 వస్తుంది, అదే 0.1ని కోట్స్‌లో స్ట్రింగ్‌గా ఇస్తే 1/10 వస్తుంది. జావాలో బిగ్‌డెసిమల్ కన్‌స్ట్రక్టర్‌కి డబుల్ ఇస్తే 0.1000000000000000055511151231257827 అంటూ పెద్ద తోక, వేల్యూఆఫ్ ద్వారా ఇస్తే 0.1. వేల్యూఆఫ్ ముందు డబుల్‌ని స్ట్రింగ్‌గా మార్చి, ఆ అంకెల్ని తీసుకుంటుంది కాబట్టి.

అక్కడే ఒక పాఠం ఉంది. విలువ మీ దగ్గరికి టెక్స్ట్‌గా వస్తోందా, అయితే మధ్యలో ఫ్లోట్‌ని తాకనివ్వకండి. ఫైల్ నుంచో ఫారం నుంచో వచ్చిన స్ట్రింగ్‌ని నేరుగా భిన్నంగా మార్చితే ఊహించాల్సిన అవసరమే ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బయటివాళ్ళు ఇచ్చే స్ట్రింగ్‌లో ఘాతం ఎంత పెద్దదో ముందే చూడండి. 10కి వంద కోట్ల ఘాతం అని పన్నెండు అక్షరాల్లో (1e1000000000) రాయొచ్చు, దాన్ని పూర్ణాంకంగా విప్పబోతే మెమరీ అయిపోతుంది.

టెక్స్ట్ లేదు, ఫ్లోటే ఉంది అనుకుందాం. అప్పుడు పనికొచ్చేది బడిలో గ.సా.భా. కోసం నేర్చుకున్న యూక్లిడ్ భాగహారమే. 0.1 డబుల్ మీద చేసి చూద్దాం.

36028797018963968ని 3602879701896397తో భాగిస్తే భాగఫలం 9, శేషం 3602879701896395. ఇప్పుడు పాత భాజకాన్ని ఈ శేషంతో భాగిస్తే భాగఫలం 1, శేషం కేవలం 2. మళ్ళీ భాగిస్తే భాగఫలం 1801439850948197, శేషం 1. ఆ వరస చూడండి: 9, 1, తర్వాత ఒక్కసారిగా పదహారు అంకెల సంఖ్య. భాగఫలం అంత పెద్దగా దూకిందంటే దాని ముందున్న భిన్నం అసలు విలువకు దాదాపు అతుక్కుని ఉందని అర్థం. అక్కడ ఆపి, 9 తర్వాత 1 అన్న భాగఫలాలతో భిన్నం కట్టండి: 1 / (9 + 1/1), అంటే 1/10. దూకిన చోట మిగిలిందంతా రౌండింగ్ చెత్త.

ఈ భాగహారాన్ని ఫ్లోట్లలోనే చేసేసే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. 1ని x తో భాగించడం, పూర్ణాంక భాగం తీసెయ్యడం, మిగిలినదాన్ని మళ్ళీ తిరగెయ్యడం. 0.1 విషయంలో 1/0.1 రౌండ్ అయ్యి సరిగ్గా 10.0 వస్తుంది కాబట్టి అదృష్టవశాత్తూ జవాబు కుదురుతుంది. ప్రతిసారీ అలా కుదరదు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఉన్న బిట్లు తీసివేతలో పోతుంటాయి, కొన్ని మెట్ల తర్వాత వచ్చే భాగఫలాలు అర్థంలేని అంకెలే. ముందు లవ హారాల్ని ఖచ్చితమైన పూర్ణాంకాలుగా తీసి (పైథాన్‌లో ఆజ్ ఇంటిజర్ రేషియో ఫంక్షన్‌తో) ఆ తర్వాతే భాగహారం మొదలెట్టండి.

ఎక్కడ ఆపాలి? హద్దు రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి హారం మీద హద్దు. పైథాన్ ఫ్రాక్షన్‌లోని లిమిట్ డినామినేటర్ ఇదే చేస్తుంది, ఏమీ చెప్పకపోతే 10 లక్షలు తీసుకుంటుంది. మీరే రాసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: హద్దు రెండు మెట్ల మధ్య పడితే మధ్యలో ఉన్న భిన్నాల్నీ చూడాలి. వృత్తాల π (3.14159...) విలువకు ఈ భాగహారం ఇచ్చే మెట్లు 22/7, తర్వాత 333/106. హద్దు 100 అయితే 22/7 దగ్గర ఆగిపోకూడదు, 311/99 దానికంటే దగ్గర. రెండోది తేడా మీద హద్దు. రూబీలో 3.14ని 0.01 తేడాతో రేషనలైజ్ చేస్తే ఆ పరిధిలో అన్నిటికన్నా చిన్న హారమున్న 22/7 వస్తుంది. తేడా ఏమీ చెప్పకపోతే ఆ ఫ్లోట్ రౌండింగ్ పరిధినే తీసుకుంటుంది. నేరుగా రాసిన 0.1కి అది చక్కగా పనిచేస్తుంది. కానీ 0.1 + 0.2 ఫలితానికి ఇస్తే 3/10 రాదు, ఎందుకంటే ఇందాక చూసినట్టు 595.2 ఆ పరిధికి బయటే ఉండిపోయింది. లెక్కల్లోంచి వచ్చిన విలువకు హద్దు మీరే వదులుగా ఇవ్వాలి.

ఎంత హారం దాకా ఊహను నమ్మొచ్చో లెక్క కట్టొచ్చు. హారాలు Q దాటని రెండు వేరు వేరు భిన్నాల మధ్య కనీసం 1/Q² ఎడం ఉంటుంది. అర నుంచి ఒకటి లోపు విలువలకు డబుల్ మెట్టు 2⁻⁵³. కాబట్టి Q సుమారు 9.49 కోట్లు దాటనంతవరకు ఒక్కసారి మాత్రమే రౌండ్ అయిన భిన్నం తిరిగి ఖాయంగా దొరుకుతుంది. విలువ 1000 దగ్గర ఉంటే మెట్టు 2⁻⁴³కి పెరుగుతుంది, Q దాదాపు 29.6 లక్షలకు పడిపోతుంది. సంఖ్య పెద్దదైతే ఊహకు చోటు తగ్గుతుంది.

భిన్నాన్ని తిరిగి ఫ్లోట్‌గా మార్చేటప్పుడు లవాన్నీ హారాన్నీ విడివిడిగా డబుల్స్ చేసి భాగిస్తే మూడుసార్లు రౌండింగ్ జరగొచ్చు. 309 అంకెల లవమైతే అనంతం కూడా వచ్చే వీలుంది. సరైన దారి ఇది. లవం బిట్ల సంఖ్యలోంచి హారం బిట్ల సంఖ్య తీసెయ్యండి, ఆ తేడాను 55 నుంచి తీస్తే k. లవాన్ని 2 ఘాతం k తో గుణించి (k ఋణాత్మకమైతే హారాన్ని గుణించి) పూర్ణాంక భాగహారం చేస్తే భాగఫలం 55 లేదా 56 బిట్లు ఉంటుంది. శేషం సున్నా కాకపోతే భాగఫలం చివరి బిట్‌ని 1 చేయండి. ఇప్పుడు దాన్ని డబుల్‌గా మార్చి ఘాతం సరిచేయండి. రౌండింగ్ ఒక్కసారే జరుగుతుంది. సబ్‌నార్మల్ (సున్నాకు మరీ దగ్గరగా ఉండి ఖచ్చితత్వం తగ్గే) విలువల దగ్గర మాత్రం ఘాతం సరిచేసేటప్పుడు రెండోసారి రౌండ్ అవుతుంది, అక్కడ భాగఫలం బిట్లు ముందే తగ్గించుకోవాలి.

ఇంత గొడవ ఎందుకు, అన్నీ భిన్నాల్లోనే చేసేస్తే పోలేదా అని అడగొచ్చు. న్యూటన్ పద్ధతిలో √2 వెతకండి: 3/2, 17/12, 577/408, 665857/470832, ఆ తర్వాత 886731088897/627013566048. ఒక్కో మెట్టుకీ అంకెలు రెట్టింపు. ఇరవై మెట్లు ఎక్కితే హారంలో లక్షల అంకెలుంటాయి. రాకు భాష 0.1 అని రాస్తే భిన్నంగానే తీసుకుంటుంది, అందులో 0.1 + 0.2 నిజంగానే 0.3. కానీ హారం 64 బిట్లు దాటిందంటే చెప్పాపెట్టకుండా ఫ్లోట్‌కి జారిపోతుంది.

ఆ జారుడే మిగతా భాషల్లోనూ ఇబ్బంది పెడుతుంది. పైథాన్‌లో ఫ్రాక్షన్‌కి ఒక్క ఫ్లోట్ కలిపినా ఫలితం ఫ్లోటే. 1/10 భిన్నాన్ని 0.1తో పోలిస్తే పైథాన్ ఖచ్చితంగా పోల్చి కాదంటుంది. రూబీ భిన్నాన్ని ఫ్లోట్ చేసి పోల్చి అవునంటుంది. ఒక భాష నుంచి మరో భాషకి టెస్టులు తెచ్చుకునేవాళ్ళు ముందుగా చూసుకోవాల్సిన చోటు ఇదే. ఋణ సున్నా భిన్నంలోకి వెళ్తే గుర్తు పోతుంది. అనంతం, నాన్ ఇస్తే పైథాన్‌లో ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకునే కోడ్ ముందే రాసుకోండి. డబ్బు లెక్కల్లో 0.29ని 100తో గుణించి దశాంశ భాగం కొట్టేస్తే 28 వస్తుంది, ఎందుకంటే గుణకారం ఇచ్చింది 28.999999999999996. అక్కడ భిన్నాలు కూడా అక్కర్లేదు, మొదటి నుంచీ పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టుకుంటే చాలు.