నూరేళ్లు దాటినవాళ్ల పేగుల్లో
(హైదరాబాద్ తార్నాకలో కాలనీ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. నిండు నూరేళ్లూ బతకమని దీవిస్తాం, కోపమొస్తే నీకు నూరేళ్లు నిండాయా అంటాం. ఆ నూరూ నిండాక కూడా హాయిగా తిరిగేవాళ్ల కడుపులో ఏముందో చూద్దామనుకున్నారు జపాన్‌లో.

కెయో విశ్వవిద్యాలయంలో కెన్యా హోండా బృందం 160 మంది శతాధికుల మలాన్ని పరీక్షించింది. వాళ్ల సగటు వయసు 107. నవ్వకండి, ఈ శాస్త్రమంతా ఆ డబ్బాలోనే ఉంది! 85 నుంచి 89 ఏళ్లవాళ్లతోనూ, పడుచువాళ్లతోనూ పోల్చి 2021లో ఫలితాలు ప్రకటించారు.

కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరసం పంపుతుంది కదా. అందులో కాస్త పెద్దపేగు దాకా జారుతుంది. అక్కడ ఒడోరిబాక్టరేసీ అనే కుటుంబపు బాక్టీరియా దాన్ని ఐసోఅల్లోలిథోకోలిక్ ఆమ్లంగా మార్చగలవు. నోరు తిరక్కపోతే పేరు వదిలేయండి, పని గుర్తుపెట్టుకోండి. శతాధికుల్లో ఈ ఆమ్లం ఎక్కువగా కనిపించింది. ప్రయోగశాలలో అది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిలీ అనే మొండి క్రిమిని ఎదగనివ్వలేదు. యాంటీబయాటిక్స్ వాడాక ముసలివాళ్లను నీళ్ల విరేచనాలతో మంచాన పడేసే క్రిముల్లో అది ముఖ్యమైనది.

అయితే ఈ బాక్టీరియా ఉండబట్టి అన్నేళ్లు బతికారా, అన్నేళ్లు బతికినందుకు ఇవి మిగిలాయా? ఆ అధ్యయనం తేల్చలేదు. అందుకే ఆయుష్షు పెంచే ప్రోబయాటిక్, అంటే మేలుచేసే బాక్టీరియా ఉన్న మందు, అని ఎవరైనా డబ్బా అమ్మజూపితే జేబు మీద చెయ్యి వేసుకోండి.

ఈ ఆశ కొత్తదేం కాదు. 1908లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త మెచ్నికోవ్, బల్గేరియా రైతుల దీర్ఘాయువు పుల్లటి పాలల్లోనే ఉందని నమ్మి తానూ రోజూ తాగాడు. 1916లో పోయాడు, 71 ఏళ్లకి. నేనైతే పెరుగన్నం తినందే భోజనం అయినట్టుండదు కనుక తింటాను, 107 కోసం కాదు.

ఇక నా తప్పొకటి చెప్పుకోవాలి. నిరుడు మా అమ్మకి జలుబు చేస్తే, చీటీ లేకుండానే మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కొచ్చాను. జలుబు వైరస్‌ది, ఆ మాత్ర దాన్ని ముట్టదు. నలభై ఏళ్లు ఈ పాఠం చెప్పినవాణ్ణి నేనే! మూడో రోజుకి ఎనభై నాలుగేళ్ల మనిషి గోడ పట్టుకుని పదకొండుసార్లు బాత్రూముకి వెళ్లింది. డాక్టరు స్ట్రిప్పు తిప్పి చూసి, "ఇది ఎవరు రాశారండీ?" అని అడిగారు. అమ్మ నావైపు చూసింది.