లోగోకు ఒక్క ఓటూ పడలేదు!

నమస్తే నల్లగొండ! సోది లేకుండా విషయానికి వస్తున్నా. మన టౌన్‌లో రక్తదానం క్యాంపులు పెట్టే ఆ వాలంటీర్ల సంఘం, కొత్త లోగో కోసం వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టింది. ప్రెసిడెంట్ గారబ్బాయి వేసిన బొమ్మ గెలిచింది. అలిగినోళ్లు గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యారు. మీకు తెలిసిన గొడవే. "సభ్యులే ఓటేశారు కదా, ఇంకేం కావాలి?" అంటోంది కమిటీ.

నేనంటున్నా, ఆ లోగోకు ఒక్క ఓటు కూడా పడలేదు. ఒక్కటంటే ఒక్కటి! పడ్డవన్నీ మనుషులకు పడ్డవే.

పోల్‌లో ఏం రాశారో చూడండి. బొమ్మలకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లిస్తే పోయేది. అట్ల కాదు, ఎవరి డిజైన్ ఏదో పేర్లు పెట్టారు! పైగా వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో నొక్కితే కనిపిస్తుంది, పేరుతో సహా. మొన్న మొన్న చేరిన డిగ్రీ పిల్లగాడు, ప్రెసిడెంట్ సార్ చూస్తుండగా ఆయన కొడుకు బొమ్మ వదిలేసి ఇంకోటి ఎట్ల నొక్కుతాడండీ? ఇంకో తమాషా, ఒకరికి ఒకే ఓటు అన్న సెట్టింగ్ కూడా పెట్టలేదు. కొందరు పెద్దమనుషులు ఎందుకొచ్చిన తలనొప్పని అన్నిటికీ టిక్కులు కొట్టేశారు. ఇది ఓటింగా, మొహమాటమా?

సర్పంచ్ ఎన్నికలు చూసినోళ్లం మనం. ఉంగరం, కత్తెర, బ్యాట్ గుర్తులొస్తాయి. కత్తెర ముద్దుగా ఉందని కత్తెరకు వేసినోడు ఒక్కడైనా ఉన్నాడా? వెనక నిలబడ్డ మనిషిని చూసే కదా గుద్దేది! ఇక్కడా అదే జరిగింది.

టాపిక్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. 1996లో నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని! బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఓటుతో దేశాన్ని ఉలిక్కిపడేలా చేసిన ఊళ్లో ఈ పోలేంటండీ!

బొమ్మను ఎవరూ చూడలేదనడానికి రుజువు కావాలా? గెలిచిన లోగోను పెద్దది చేసి చూడండి. రక్తపు చుక్క కింద తెల్లటి గుండ్రం, అందులో ఎర్ర ప్లస్. అన్నా, అది రెడ్‌క్రాస్ గుర్తు! 1864 జెనీవా ఒప్పందంతో వచ్చింది. యుద్ధంలో గాయపడ్డోళ్లకు వైద్యం చేసేవాళ్ల మీద కాల్పులు జరపొద్దని చెప్పే గుర్తు. మన దేశంలో 1960 నాటి జెనీవా కన్వెన్షన్ల చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా ఎవరుపడితే వాళ్లు వాడకూడదు. మెడికల్ షాపు బోర్డుల మీద ఉందిగా అంటారేమో, అదీ తప్పే. గ్రూపంతా కలిసి ఓటేసినా చట్టం మారదు. ఇంతమంది నొక్కారు, ఒక్కరికీ ఆ ప్లస్ కనబడలేదు. ఎందుకు? చూసింది పేరును కాబట్టి!

కమిటీ సార్లూ, వచ్చే క్యాంపులో ఒక డబ్బా పెట్టండి. పేర్లు తీసేసి నంబర్లు వేయండి, చీటీలు వేయించండి. అప్పుడూ ప్రెసిడెంట్ గారబ్బాయే గెలిస్తే నేనే వచ్చి లైవ్‌లో శాలువా కప్పుతా. ఆ ప్లస్ మాత్రం ఈరోజే తీయించండి, టీషర్టులు ప్రింటింగ్‌కు ఇచ్చేశారని విన్నా.