చేతి బొటనవేలు చూసినప్పుడు రక్తం కూడా చూడాలి

అందరికీ నమస్కారం. అనంతపురం, చిత్తూరు నుంచి రాత్రి బస్సెక్కి బెంగళూరు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

పుట్టుకతో లోపం ఉన్న బిడ్డ విషయంలో డాక్టర్లు క్యాన్సర్ మాట ఎత్తితే ఏ తల్లికైనా టెన్షనే. కానీ ఆ రెంటికీ సంబంధం ఉంది. కడుపులో బిడ్డ అవయవాలు ఏర్పడేటప్పుడు కణాల పెరుగుదలను నడిపించే జన్యువుల్లో కొన్ని, పుట్టాక కూడా ఆ పెరుగుదలను అదుపులో పెడతాయి. అలాంటిది ఒకటి దెబ్బతింటే ముందు శరీర నిర్మాణంలో తేడా కనిపిస్తుంది. కొందరిలో క్యాన్సర్ తర్వాత వస్తుంది.

ఫాంకోని అనీమియా గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మన మేనరికాలతో ముడిపడిన జబ్బు. స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గిడో ఫాంకోని 1927లో దీన్ని వివరించాడు. చేతి బొటనవేలు చిన్నదిగా ఉండటం లేదా అసలు లేకపోవడం, పొట్టితనం, ఒంటిమీద గోధుమరంగు మచ్చలు, కిడ్నీ తేడాలు ఉండొచ్చు. కొందరిలో ఇవేవీ ఉండవు. డీఎన్‌ఏ పోగులు రెండూ అతుక్కుపోతే విడదీసి బాగుచేసే పని వీళ్ల కణాలకు సరిగా రాదు. అందుకే వేలు సరిగా ఏర్పడదు, బడికెళ్లే వయసులో రక్తకణాలు తగ్గుతాయి, రక్త క్యాన్సర్, యవ్వనంలోనే నోటి క్యాన్సర్ ముప్పు పెరుగుతాయి. బొటనవేలికి ఆపరేషన్ చేయించి, రక్తం సంగతి ఎవరూ అడగకుండా ఇంటికి పంపేయడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. క్రోమోజోములు ఎంత తేలిగ్గా విరుగుతున్నాయో చూసే రక్తపరీక్ష ఉంది, అది అడగండి. జబ్బు ముందే తెలియకపోతే మామూలు డోసు కీమో, రేడియేషన్ ఈ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. రక్తకణాలు తయారుచేసే ఎముక మూలుగను మార్చే చికిత్సకు అన్నయ్యనో చెల్లినో దాతగా అనుకుంటే, ముందు వాళ్లకూ ఆ పరీక్ష చేయించాలి.

ఎక్కువ కుటుంబాల్లో తల్లి, తండ్రి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటూ ఈ జన్యుమార్పును మోస్తుంటారు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. కోడలి వల్లే వచ్చిందని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ మాట వాళ్లకు చెప్పండి.

బెక్‌విత్-వీడెమాన్ సిండ్రోమ్‌లో నాలుక పెద్దదిగా ఉంటుంది, కొన్నిసార్లు శరీరం ఒకవైపు ఎక్కువ పెరుగుతుంది. వీళ్లకు చిన్నతనంలో కిడ్నీ, కాలేయ గడ్డల ముప్పు ఉంది కాబట్టి, సాధారణంగా ఏడేళ్ల దాకా మూడు నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయిస్తారు. బిడ్డ ఆడుకుంటోంది కదా అని మానేయొద్దు. గడ్డ చిన్నగా ఉండగా దొరికితే కిడ్నీలో చాలా భాగం కాపాడుకోవచ్చు.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో రక్త క్యాన్సర్ ముప్పు ఎక్కువే, అయినా ఎక్కువమందికి అది రాదు. వాళ్లకు వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్ మందులకు బాగా లొంగుతుంది కూడా. పుట్టిన కొద్దిరోజుల్లో ఒక రక్తపరీక్ష తప్పకుండా చేయించండి.

రిపోర్టులు తెచ్చినవాళ్లు టీ తాగాక పక్క గదికి రండి. అమ్మ వైపు, నాన్న వైపు ఎవరు ఎవరిని చేసుకున్నారో, చిన్నవయసులో ఎవరు ఏ జబ్బుతో పోయారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి.