పేరు అడగలేదు

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మమ్మది కడప జిల్లా. కంచంలో మెతుకు మిగిల్చి లేస్తే చాలు, "ధాత కరువు చూసినవాళ్లను అడుగు, చెబుతారు" అనేది. ఆవిడా చూడలేదు, పెద్దలు చెప్పగా విన్నదే. ధాత నామ సంవత్సరమంటే 1876. అప్పుడు మొదలై రెండేళ్లపాటు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది ఆకలికి పోయారు. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి. నేను విశాఖపట్నం వచ్చి పత్రికలో ఫోటోగ్రాఫరుగా చేరిన చాలా ఏళ్లకు ఆ కరువును ఫోటోల్లో చూశాను.

వాటిని తీసినవాడు మద్రాసు సైన్యంలో అధికారి, విలోబీ వాలెస్ హూపర్. చిక్కి శల్యమైన మనుషులను గ్రూపు ఫోటోకు కూర్చోబెట్టినట్టు నేల మీద కూర్చోబెట్టాడు. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ కాలపు కెమెరా ముందు కదలకుండా ఉండాలి. తల నిలపడానికే ఓపిక లేనివాళ్లకు "కదలకండి" అని ఏ భాషలో చెప్పి ఉంటారో! ఫోటో తీసుకుని, తిండి పెట్టకుండా పంపేశాడన్న నింద ఆయనను నేటికీ వదల్లేదు. పదేళ్ల తర్వాత బర్మాలోని మందలేలో ఖైదీలను కాల్చి చంపుతుంటే సరిగ్గా గుండు తగిలే క్షణాన్ని పట్టడానికి కెమెరా సిద్ధం చేసుకున్నాడని గొడవ లేచింది. లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. మనిషి అలాంటివాడు.

కానీ ఆ ఫోటోలే లేకపోతే ధాత కరువు మనకు సర్కారు నివేదికల్లో అంకెలుగా మాత్రమే మిగిలేది. ఇది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా ఒప్పుకుంటాను. నన్ను పట్టుకుని వదలని సంగతి మాత్రం వేరే ఉంది. అందులో కూర్చున్న ఒక్కరి పేరూ మనకు దక్కలేదు.

పేరంటే గుర్తొచ్చింది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో, బఠాణీ కోత కూలీల గుడారాల దగ్గర డొరోథియా లాంగ్ అనే ఆవిడ ఒక తల్లిని ఫోటో తీశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. చెంపకు ఆన్చిన చేయి, ఎటో చూస్తున్న కళ్లు, రెండు భుజాల మీదా ముఖం దాచుకున్న పిల్లలు, ఒళ్లో చంటిబిడ్డ. తల్లి వయసు 32. వయసు ఆ తల్లే చెప్పింది, పేరు మాత్రం లాంగ్ అడగలేదు. ఆ మాట తర్వాత ఆవిడే రాసుకున్నారు. ఆ ఫోటోలు పత్రికలో పడ్డాక ప్రభుత్వం శిబిరానికి ఆహారం పంపింది. అంటే ఫోటో పని చేసింది. అయితే ఆ బండ్లు చేరేసరికి ఆ తల్లి పిల్లలతో మరో ఊరు వెళ్లిపోయింది.

ఆవిడ ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, 42 ఏళ్ల తర్వాత. అప్పటికి ఆవిడ బొమ్మ పుస్తకాల్లో, ప్రదర్శనల్లో ప్రపంచమంతా తిరిగింది. తనకు ఒక్క పైసా రాలేదని, తనను ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని ఆవిడ బాధపడ్డారు. ఇంకో చిన్న విషయం. ఫోటో మూలన గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి కనబడేది. అది బాగాలేదని తర్వాత నెగటివులో చెరిపించారు. అద్భుతమైన ఫోటోయే. ఆ బొటనవేలు దగ్గరే నాకు ఎప్పుడూ మనసు ఆగిపోతుంది.

1984లో భోపాల్‌లో మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలోమ్యూ ఇద్దరూ తీశారు. ఆ బిడ్డ ఎవరి బిడ్డో నేటికీ తెలియదు. సూడాన్ కరువులో కూలబడిన బిడ్డ వెనక రాబందు కాచుకున్న ఫోటో సంగతి నేను ఎత్తను. దాని మీద అందరూ మాట్లాడేశారు.

ఫోటోగ్రాఫర్లను తిట్టడం తేలిక. రాబర్ట్ కాపా 1954లో ఇండోచైనా యుద్ధంలో మందుపాతర మీద కాలు వేసి పోయాడు. మన దానిష్ సిద్దిఖీ 2021లో అఫ్గానిస్తాన్‌లో, స్పిన్ బోల్డక్ దగ్గర పోయాడు. వాళ్ల ముందు నేను ఊరి ఫోటోగ్రాఫరునే. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వ్యాపించి 12 మంది చనిపోయినప్పుడు, నడుస్తూ నడుస్తూ కూలిపోతున్న మనుషుల వీడియోలు మన ఫోన్లలోకి వచ్చాయి. ఎవరి తల్లో, ఎవరి కూతురో అడగకుండానే ఇంకొకరికి పంపించాం. నేనూ పంపాను.

నా సొంత లెక్క ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడింది. మూడో రోజు పెదజాలారిపేట వెళ్లాను. దారంతా కూలిన చెట్లే, స్కూటరు ఎక్కడో వదిలి నడిచాను. ఒక ఇంటికి కప్పు లేదు, ఒకవైపు గోడ లేదు. మిగిలిన గోడకు ఆనుకుని, చేపలమ్మే ఆవిడ ఒకరు నుదుటి మీద చేయి పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన బోర్లించిన చేపల గంప, దాని మీద గుడ్డ పరిచి ఆరబోసిన తడి బియ్యం. దూరం నుంచే నాలుగు ఫోటోలు తీశాను. చప్పుడుకు తలెత్తింది. తిడుతుందనుకున్నాను.

"ఇలాగే తీసేస్తావా బాబూ? కాస్త ఆగు" అని గోడ అవతలికి వెళ్లింది. ట్రంకు పెట్టెలోంచి అద్దం తీసింది. జుట్టు ముడి వేసుకుని, బొట్టు పెట్టుకుని, కొంగు సర్దుకుని వచ్చి గంప పక్కన నిటారుగా నిలబడింది. "ఇప్పుడు తియ్యి" అంది.

మొహమాటానికి తీశాను. సాయంత్రం డెస్కుకు రెండూ ఇచ్చాను. ఏది వేశారో మీరు ఊహించగలరు. డెస్కులో నేనున్నా అదే వేసేవాణ్ని. కింద "సర్వం కోల్పోయి దిక్కుతోచని స్థితిలో ఓ మత్స్యకార మహిళ" అని రాశారు. దిక్కుతోచని మనిషి అద్దం వెతుక్కుంటుందా? ఇక "ఓ మహిళ" అన్నది నా పుణ్యమే. పేరు అడగలేదు కదా.

నెల తర్వాత జగదాంబ సెంటరులో రెండో ఫోటో ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. ఇంటికి కొత్త రేకులు వచ్చాయి. పత్రిక ఎవరో చూపించారట, దాని గురించి ఒక్క మాటా అనలేదు. ప్రింటును వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది.

"బియ్యం బాగా పడ్డాయి" అంది. "గంప కొంచెం ఇటు జరుపుకోవాల్సింది."

అప్పుడు అడిగాను పేరు. చెప్పింది. రేడియోలో చెప్పవచ్చా అని అడిగి రాలేదు, అందుకే మీకు చెప్పడం లేదు.